అన్ని కచేరీలకూ ఒకే తాళం

వేగవరం రాజుగారి కచేరీల్లోకి ఎలా వచ్చాయో గానీ, కంప్యూటర్లు వచ్చాయి. ఉద్యోగులు పని మానేసి ఏవేవో చూస్తున్నారని మంత్రి మార్తాండుడు కోటలో కూర్చునే అన్ని బ్రౌజర్లకూ తాళం వేశాడు. ఆయన సరేనన్న పేజీలే తెరుచుకుంటాయి. ఆయన సరేనన్నవన్నీ రాజుగారి కీర్తి పేజీలు.

ఆ వానాకాలం ఏరు పొంగి దిగువలంక కొట్టుకుపోయింది. వరద హెచ్చరిక చూసి ఆ ఊళ్ళో దండోరా వేయించాల్సిన గుమాస్తా పోలినాయుణ్ణి సభకు ఈడ్చుకొచ్చారు.

"హెచ్చరిక పేజీ కళ్ళెదుటే ఉన్నా వీడు చూడలేదు ప్రభూ. ఉరి తీయించండి," అన్నాడు మంత్రి.

ఆ పేజీ తెరుచుకోలేదని చెబితే మంత్రి కాదంటాడని పోలినాయుడికి తెలుసు. అందుకని తల వంచుకున్నాడు.

"తప్పే ప్రభూ. ఆ సాయంత్రం తాళం తీసేసి కోడిపందేలు చూస్తూ కూర్చున్నాను."

మంత్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. "శుద్ధ అబద్ధం ప్రభూ. నేను వేసిన తాళం వీడి తాత కూడా తీయలేడు. నేను సరేననందే ఏ కచేరీలోనూ ఒక్క పేజీ తెరుచుకోదు."

"మరి వరద పేజీకి తమరు సరేనన్నది ఎప్పుడు బాబయ్యా?" అని అడిగాడు పోలినాయుడు.



రాజుగారు మంత్రిని కొలువులోంచి తీసేసి, పోలినాయుడి తెలివికి మెచ్చి శాలువా కప్పారు. మర్నాడు వరద పేజీ కూడా తెరిపించారు. ఇప్పుడు హెచ్చరిక వస్తే దండోరా వేయించడానికి పోలినాయుడు సిద్ధంగానే ఉన్నాడు. వినడానికి దిగువలంక లేదు.