చిలుక గొంతులోని మూడు విద్యలు

చాలా కాలం కిందటి మాట, పిల్లలూ. వరదాపురం అనే రాజ్యాన్ని పృథుసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆ రాజ్యంలో బంగారు గనులు లేవు, వజ్రాలు లేవు. ఉన్నవల్లా మూడు విద్యలు. అక్కడి నేతవాళ్ళు నేసిన చీరల కోసం దూరదేశాల ఓడలు వచ్చేవి. కాలువలు తవ్వేవాళ్ళు మెట్టపొలాలకు కూడా నీళ్ళెక్కించేవారు. ఏ జ్వరానికి ఏ ఆకో వైద్యులకు తెలుసు. ఈ విద్యలు నేర్పడానికి ప్రతి వీధిలోనూ ఒక బడి ఉండేది. అందుకే ఎవరికీ తిండికి లోటు లేదు, గుడ్డకు లోటు లేదు.

ఒకనాడు ధూమ్రకేతుడనే మాంత్రికుడు కొలువుకు వచ్చాడు.

"రాజా, ఈ బళ్ళూ పంతుళ్ళూ నీకెందుకు? నేతవిద్య నాకిచ్చెయ్. కొప్పెర నిండా బంగారం ఇస్తాను" అన్నాడు.

బంగారం రాజు కంటికి కనిపించింది. విద్య కనిపించలేదు. సరేనన్నాడు. మాంత్రికుడు బెత్తం తిప్పగానే నేతవాళ్ళ చేతులు మగ్గాల మీదే ఆగిపోయాయి. మరుసటేడు కాలువల విద్య ఇచ్చి రాజు రెండో కొప్పెర తీసుకున్నాడు. ఆ మరుసటేడు వైద్యం ఇచ్చి మూడోది తీసుకున్నాడు.

ఉన్నన్నాళ్ళు ఆ బంగారం తిన్నారు. అది అయిపోయేసరికి ఓడలు రావడం మానేశాయి. కాలువలు పూడిపోయాయి. చిన్న జ్వరానికే మనుషులు పోతున్నారు. రాణి కూడా అలాగే పోయింది. రాజు మంచం పట్టాడు.

రాజుకు ముగ్గురు కొడుకులు. మాంత్రికుణ్ణి చంపి వస్తానని పెద్దవాడు కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడూ కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చివరివాడు కువలయుడు తండ్రి మంచం పక్కన కూర్చున్నాడు.

"నేనూ వెళ్ళొస్తాను, నాన్నగారూ."

"నువ్వూ వెళితే నాకెవరున్నారు నాయనా?"

"ఉండి ఏం చెయ్యను? ఇక్కడ నాకేదైనా నేర్పేవాళ్ళే లేరు."

కువలయుడూ కత్తి పట్టుకుని బయలుదేరాడు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద ముసలి తాబేలు వలలో చిక్కుకుని ఉంది. కువలయుడు ఆ వల విప్పాడు. "వీపెక్కు బాబూ, దాటిస్తాను. తొందరగా మాత్రం పోలేను" అంది తాబేలు.

"నాకూ తొందరపడే ఓపిక లేదులే అవ్వా. పద."

ఏడు సముద్రాలు. చెప్పడానికి రెండు మాటలే, దాటడానికి మూడేళ్ళు పట్టింది. ఒక్కొక్క సముద్రం దాటినప్పుడల్లా ఇదే ఆఖరిదేమో అనుకునేవాడు. కాదు, ఇంకోటి ఉండేది.

చివరికి మాంత్రికుడి దీవి వచ్చింది. ఒడ్డున అన్నలిద్దరూ కత్తులెత్తి రాళ్ళై నిలబడి ఉన్నారు. నీళ్ళకుండతో వచ్చిన ఒక అమ్మాయి కువలయుణ్ణి ఆపింది.

"ఆ కత్తి సముద్రంలో పడెయ్యండి. కత్తితో వచ్చినవాళ్ళందరికీ ఇదే గతి."

కువలయుడు కత్తిని నీళ్ళలోకి విసిరేశాడు. ఆమె పేరు సంపెంగ. వరదాపురం నేతగాడి కూతురే. తన చిలుకకు మేత పెట్టడానికి మాంత్రికుడు ఆమెను ఎత్తుకొచ్చాడు. అతను సముద్రస్నానానికి వెళ్ళిన వేళ ఆమె కువలయుణ్ణి చిలుక దగ్గరికి తీసుకెళ్ళింది. "వాడి ప్రాణం దీనిలోనే ఉంది" అని చెప్పింది.

కువలయుడు చిలుక మెడ పట్టుకున్నాడు.

"నులిమెయ్యి. వాడు చస్తాడు" అంది చిలుక. "కానీ మీ దేశపు విద్యలన్నీ ఈ గొంతులోనే ఉన్నాయి. నాతోపాటు అవీ పోతాయి."

అతనికి తల్లి గుర్తొచ్చింది. అయినా వేళ్ళు వదులు చేశాడు.

"మరి ఏం చెయ్యమంటావు?"

"నేను చెబుతాను, నువ్వు నేర్చుకో. నీ చేతికి ఎంత వస్తే అంత నాలోంచి పోతుంది. దాంతోపాటు వాడి ఆయువూ తరుగుతుంది."

కువలయుడు కట్టెలు కొట్టే పనివాడుగా మాంత్రికుడి దగ్గర చేరాడు. రోజూ ఆ స్నానపు వేళలోనే అతనూ సంపెంగా చదువుకునేవారు. మొదటి ఏడు తీగనారతో నేత నేర్చుకున్నారు. వంద గుడ్డలు చెడిపోయాక ఒకటి కుదిరింది. మాంత్రికుడి జుట్టు తెల్లబడింది. రెండో ఏడు ఇసుకలో కాలువలు తీశారు. అతను కర్ర పట్టుకుని నడవసాగాడు. మూడో ఏడు ఆకులూ వేర్లూ గుర్తుపట్టారు. అతను బెత్తం ఎత్తలేకపోయాడు. ముసలితనం అనుకున్నాడేగాని, తన ప్రాణం పాఠం పాఠంగా పోతోందని గ్రహించలేదు.

చిలుక ఆఖరి పాఠం చెప్పిన రోజు మాంత్రికుడు నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. అన్నలు మనుషులయ్యారు. చిలుక మామూలు చిలుకై జామపండు కోసం ఎగిరిపోయింది. తాబేలు ఇంకా ఒడ్డునే ఉంది, ఎక్కడికీ పోయే ఓపిక లేక. నలుగురినీ ఎక్కించుకుంది.

మళ్ళీ మూడేళ్ళకు వాళ్ళు ఇల్లు చేరితే జనం ఆశగా చుట్టుముట్టారు.

"ఏం తెచ్చావు బాబూ?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"నేర్చుకుని వచ్చాం అవ్వా. కూర్చుంటే నేర్పుతాం."

"కడుపు కాలుతుంటే ఎక్కడ కూర్చుంటాం నాయనా?"

ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఏడుగురు మిగిలారు. కువలయుడు కోట మెట్టు మీద తల దించుకుని కూర్చున్నాడు. సంపెంగ అతని పక్కన చేరి, "ఏడుగురు చాలండి. మనం ఇద్దరమేగా మొదలుపెట్టాం" అంది.

మర్నాడు బడి తెరిచారు. ముసలిరాజు చేతికర్రతో వచ్చి చివరి వరుసలో కూర్చున్నాడు. "ఇదంతా అమ్ముకున్నవాణ్ణి నేనే. నన్నూ నేర్చుకోనివ్వు" అన్నాడు. కువలయుడు తండ్రి చేతిలో దారపుకండె పెట్టాడు.

మొదటి ఏడు బట్టలన్నీ వంకరే. రెండో ఏడు గట్లు తెగాయి. మూడో ఏడు ఒక బాలింతకు జ్వరం తగ్గింది. ఆ వారం బడికి నూరుమంది వచ్చారు. కాలువలో నీళ్ళు పారిన రోజున కువలయుడికీ సంపెంగకూ ఆ గట్టు మీదే పెళ్ళయింది. సంపెంగ తాను నేసిన చీరే కట్టుకుంది. ఆ ఏడాది చివర్లో ఓడ ఒకటి వచ్చింది, ఒకటే. తర్వాత చాలా వచ్చాయి.

తండ్రి తర్వాత అన్నలు బలవంతం చేసి కువలయుడికే పట్టం కట్టారు. అతను నలభై ఏళ్ళు ఏలాడు. రోజూ కొలువుకు ముందు పిల్లలకు ఒక పాఠం చెప్పేవాడు. గొంతు అలిసిపోయేది, అయినా చెప్పేవాడు. ఆయన పోయిన రోజున కూడా వరదాపురంలో ఒక్క బడీ మూతపడలేదు. మూయొద్దని ఆయనే చెప్పి పోయాడు.