ఏటినీళ్ళ కడవ

ఏది ముందో ఏది తర్వాతో నేను తారుమారు చేయవచ్చు గానీ చెల్లీ, జరిగింది మాత్రం ఇదే.

పూర్వం ఒక కోటకు కావలసిన దివిటీల చమురును ఏటి ఒడ్డున పీపాల్లో నిల్వ చేసేవారు. పీపాలు కారి చమురు ఏట్లో కలిసింది. చేపలు చచ్చి వెల్లకిలా తేలసాగాయి. వలలు ఖాళీగా రావడంతో బెస్తవాడ పస్తులుంది. చివరికి నూకాలు అనే బెస్త ముసలమ్మ కడవనిండా ఏటినీళ్ళు ముంచుకుని రాజుగారి దగ్గరకు వెళ్ళింది.

రాజుగారు తోటలో, తాను ముచ్చటగా పెంచుకునే ఎర్రచేపల తొట్టి పక్కన కూర్చుని ఉన్నారు. చమురుకొట్టు అధికారి కామప్ప కూడా అక్కడే ఉన్నాడు.

నూకాలు మొర విని కామప్ప నవ్వాడు. "చమురు నీటిపైన తేలుతుంది, చేప అడుగున తిరుగుతుంది ప్రభూ. చమురు దాన్నేం చేస్తుంది? వీళ్ళకు వల వేయడం చేతకాక నా మీద పడుతున్నారు."

"చదువుకున్న అయ్యగారు చెబితే నిజమే అయ్యుంటుంది," అంది నూకాలు. "ఈ బరువు మళ్ళీ మోసుకుపోలేను మారాజా. నీళ్ళు ఈ తొట్టిలో పోసి పోతాను."

కడవ వంచబోయింది. కామప్ప ఒక్క ఉరుకున వచ్చి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. "రాజుగారి చేపలు చస్తాయే, ముసలిదానా."

"పైనే తేలుతుందిగా అయ్యా," అంది నూకాలు, కడవ వదలకుండా.

రాజుగారు ఇద్దరినీ చూశారు. ఆ సాయంత్రానికి పీపాలన్నీ ఏటికి దూరంగా మిట్టమీదికి చేరాయి. మోసినవాళ్ళలో కామప్ప కూడా ఉన్నాడు.

అధికారి పేరు కామప్పో కాళప్పో, చెల్లీ, నువ్వోసారి చూసి దిద్దు. నూకాలు పేరు మాత్రం నాకు బాగా గుర్తు.