ముళ్లు దించుకున్న మధ్యవర్తి

అనగనగా నల్లవాగు పక్కన ఒక అడవి ఉండేదర్రా. అక్కడ చెట్ల మీద కొండముచ్చులు, చెట్ల కింద జింకలు కలిసిమెలిసి బతికేవి. కొండముచ్చులు సగం కొరికి పారేసిన నేరేడు పండ్లను జింకలు తినేవి. చిరుతపులి కంటపడితే కొండముచ్చులు కేక వేసేవి. దాని వాసన తగిలితే జింకలు అరిచేవి.

ఒకరోజు ఆ కేకా రాలేదు, ఈ అరుపూ రాలేదు. పొన్న అనే తల్లి జింక వెంట ఉన్న పిల్ల మీద చిరుత పడింది. ఆ పిల్ల పేరు మువ్వ. ప్రాణమైతే దక్కింది కానీ, పంజా దెబ్బకు కాలు కుంటుపడింది.

"చెట్టెక్కి నిద్రపోయావా, ద్రోహీ!" అని పొన్న కొండముచ్చుల పెద్ద సింగన్న మీద విరుచుకుపడింది.

"మరి నీ ముక్కేం చేస్తోంది? గడ్డి పీకుతోందా?" అన్నాడు సింగన్న.

మాటా మాటా పెరిగింది. పండ్లు విసరడం మానేశారు. కేకలు వేయడం మానేశారు. జింకలు వాగు దాటి వెళ్లిపోదామనుకున్నాయి. అవతలి ఒడ్డున చెట్లే లేవు. చిరుత వస్తే ముందుగా చెప్పేవాళ్లూ ఉండరు. కుంటికాలి మువ్వ అక్కడ ఎలా బతుకుతుంది?

గరిక అనే ముళ్లపందికి మువ్వంటే ప్రాణం. "నేను రాజీ చేస్తాను," అని బయలుదేరింది. మంచి మనసే, పాపం. అదొక్కటీ సరిపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఇద్దర్నీ ఒకచోటికి పిలిచింది. పొన్న ఏడుస్తూ చెబుతుంటే గరిక ముళ్లన్నీ సింగన్న వైపు నిక్కబొడుచుకున్నాయి. "ఓహో, తీర్పు ముందే సిద్ధం చేసుకొచ్చావన్నమాట!" అని సింగన్న పై కొమ్మకు ఎగిరిపోయాడు.

మర్నాడు గరిక ఇంకో దారి తొక్కింది. "తప్పు ఇద్దరిదీ. ఒకరినొకరు క్షమాపణ అడగండి!" అని గద్దించింది. ఇద్దరూ పళ్లు కొరుకుతూ అడిగారు. ఆ మాటలు చల్లారకముందే మళ్లీ గొడవ. "రేపే వాగు దాటుతాం," అని పొన్న తేల్చేసింది.

గరిక తల వేలాడేసుకుని అలుగు తాత దగ్గరికి వెళ్లింది. ఒళ్లంతా పొలుసులుండే ఆ ముసలి అలుగు, ఒకప్పుడు అడవిలో తగవులన్నీ తీర్చినవాడు.

"అంత చెప్పినా వాళ్లు వినరేం తాతా?"

"వాళ్ల సంగతి తర్వాత. నీ ముళ్లెందుకు లేచాయమ్మా?"

"కోపమొచ్చి."

"కోపానికి ముందు ఏమొచ్చింది?"

గరిక కాలితో మట్టి గీకుతూ కూర్చుంది. తాత తొందరపెట్టలేదు. చివరికి గరిక కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా తమ్ముడు గుర్తొచ్చాడు. చిన్నప్పుడు వాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. ఆ రోజు ఎవరూ కేక వెయ్యలేదు తాతా."

తాత దగ్గరికి జరిగాడు. "పొన్న తగవు తీర్చబోయి నీ దుఃఖంతో నువ్వే పోట్లాడుతున్నావు తల్లీ. నాకు భయమేస్తే ముడుచుకుపోతాను. కొందరు భయమేస్తే అరుస్తారు. అరుపు కింద ఏదో నొప్పి ఉంటుంది. నీ నొప్పి నువ్వు గుర్తుపడితే, వాళ్లది నీకు వినబడుతుంది. 'ఎందుకు చేశావ్' అనకు. 'నీకేమైంది' అని అడుగు. అడిగాక నోరు మూసుకుని విను."

తెల్లారింది. జింకలు వాగు ఒడ్డుకు చేరాయి. గరిక బతిమాలి పొన్నను ఆపింది, సింగన్ననూ పిలిచింది. పొన్న మళ్లీ ఏడ్చింది. గరిక వీపు జలదరించింది.

"ఒక్క క్షణం ఆగండి. నా ముళ్లు లేస్తున్నాయి. ఇది నా పాత బాధ, మీ మీద కోపం కాదు," అని చెప్పి, అవి సర్దుకునేదాకా ఊపిరి పీలుస్తూ కూర్చుంది. సింగన్న ఆశ్చర్యపోయి ఒక కొమ్మ కిందికి దిగాడు.

"సింగన్నా, ఆ రోజు నీకేమైంది?"

సింగన్న ఇంకో కొమ్మ కిందికి దిగాడు. "నా బిడ్డ కొమ్మ మీంచి జారాడు. వాణ్ణి పట్టుకుని కిందికి చూసేసరికి చిరుత మువ్వ మీద ఉంది. నా బిడ్డను కాపాడుకుంటూ నీ బిడ్డను చూడలేదు పొన్నా. ఆ మాట చెప్పడానికి ముఖం చెల్లక నిన్నే తిట్టాను."

పొన్న ఆ చెట్టు కిందికి నడిచింది. "గాలి నా వైపు నుంచి చిరుత వైపు వీచిందన్నా. నాకు వాసనే రాలేదు. తల్లినై ఉండి పసిగట్టలేకపోయాను. నన్ను నేను తిట్టుకోలేక నిన్ను తిట్టాను... నీ బిడ్డ బాగున్నాడా?"

"బాగున్నాడమ్మా," అన్నాడు సింగన్న, కళ్లు తుడుచుకుంటూ.

జింకలు వెనక్కి తిరిగాయి. నేరేడు పండ్లు మళ్లీ రాలాయి. ఆ వారంలోనే చిరుత మళ్లీ వచ్చింది. సింగన్న కేక అడవంతా మారుమోగింది. మువ్వ కుంటుకుంటూనే తల్లి వెంట పొదల్లోకి చేరింది. చిరుత ఖాళీ కడుపుతో వెళ్లిపోయింది.

"నీ మేలు మరచిపోలేం గరికక్కా!" అంది పొన్న. గరిక నేరుగా తాత దగ్గరికి పరుగెత్తింది. తాత పండ్లు ముట్టడు కదా, చెదలే ఆయన తిండి! అందుకని అక్కడే పక్కనున్న గట్టి చెదపుట్టనొకదాన్ని గోళ్లు నొప్పెట్టేలా తవ్వి, ఆయన ముందు తెరిచిపెట్టింది.

"మువ్వ బతికింది తాతా. నీకు దణ్ణం. ఇంకొక దానికి కూడా దణ్ణం. ఇన్నేళ్లలో మా తమ్ముడి కోసం నన్ను ఏడవనిచ్చింది నువ్వొక్కడివే."

నీతి: తగవు తీర్చబోయేవారు ముందు తమ మనసును తెలుసుకోవాలి, అప్పుడే ఎదుటివారి కోపం వెనకున్న బాధ వినబడుతుంది.