తొమ్మిదో వైరు చావు

మా అపార్ట్‌మెంటు పేరు ప్యాలెస్. ఉన్నది నాలుగంతస్తులు, ఎనిమిది ఫ్లాట్లు, డాబా మీద అందరికీ కలిపి ఒకటే డిష్షు. ప్యాలెస్ అన్నాక రాజుండాలి గనక మాకూ ఉన్నారు. భీమవరం నుంచి వచ్చిన రామభద్రరాజు గారు మా అసోసియేషన్ ప్రెసిడెంటు. పార్కింగులో లిఫ్టు పక్కన పేము కుర్చీలో ఆయన కూర్చున్నారంటే కొలువు తీరినట్టే. కోపమొచ్చినా 'అండి' మానని మనిషి.

ఒక ఆదివారం మధ్యాహ్నం రాజుగారికి కోరిక పుట్టింది.

"నాలుగింటికి టీవీలో మా ఆవిడ చేసిన రొయ్యల వేపుడు మళ్ళీ వేస్తారండి. అదే నాలుగింటికి క్రికెట్ ఫైనలుందండి. ఆట నేను చూడాలి, వంట రికార్డవ్వాలి. రెండూ జరగాలండి."

పోయిన ఆదివారం ఆ వంట మొదటిసారి వేసినప్పుడు, సరిగ్గా ఆవిడ ఉప్పు వేసే సమయానికి రాజుగారు గుర్రుపెట్టి నిద్రపోయారు. ఈసారి రికార్డు కూడా లేకపోతే ఇంట్లో రొయ్య మాటే ఉండదని, పూటపూటా పొట్లకాయేనని వాళ్ళావిడ సీతాయమ్మ గారు తేల్చి చెప్పేశారు. పోనీ ఆట మానుకోండి అనే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

రికార్డు చేసే కొత్త పెట్టె అప్పటికే వచ్చింది. బిగించాల్సింది ఏసుబాబు. మోటారు, లిఫ్టు, ఫ్యాను, ఏది చెడినా మాకు అతనే దిక్కు. పెట్టెను వెనక్కి తిప్పి చూసి తల గోక్కున్నాడు.

"ఆయ్, దీనికి రెండు వైర్లు కావాలండి. ఒకటి చూడ్డానికి, ఒకటి దాచడానికి. ఇంటికి ఒకటే ఉంది కదండీ. డిష్షు కింది డబ్బాలో తొమ్మిదో కన్నం ఒకటి అదనంగా పెట్టించారు. అదిప్పిస్తే..."

"అది చచ్చి ఏడాదయింది" అన్నారు దివాకరం గారు.

ఈయన మా సెక్రటరీ, రిటైరైన ఇంజనీరు. డాబా తాళంచెవి మెడలో వేసుకు తిరుగుతారు. ఏసుబాబును తీసేసి తన తోడల్లుడి కొడుకును పెట్టాలని ఎప్పట్నుంచో ఆయన ప్రయత్నం. నాకాయనంటే మొదట్నుంచీ పడదు, దాచుకోవడం దేనికి?

"పిడుగు పడింది. నేనే స్వయంగా పరీక్షించాను. ఆ సంగతి కూడా తెలియనివాణ్ణి పనిలో పెట్టుకున్నాం. మావాడైతే ఈపాటికి ఏదో దారి చూసేవాడు."

రాజుగారు గడియారం చూసుకున్నారు. మూడున్నర.

"ఏసుబాబు గారండీ, నాలుగింటిలోగా పని కాకపోతే రేపట్నుంచి తమరి నిచ్చెన వేరేచోట వేసుకోండి."

ఏసుబాబు పెట్టె కింద పెట్టేశాడు. పదకొండేళ్ళుగా ఈ బిల్డింగే అతని బతుకు. నా మనసు చివుక్కుమంది.

అప్పుడతనికి ఒక మాట గుర్తొచ్చిందట, తర్వాత నాకు చెప్పాడు. మొన్న నాలుగో అంతస్తులో దివాకరం గారింట్లో ఫ్యాను బిగిస్తుంటే ఆయన భార్య విశాలాక్షి గారు, 'మాకే బాధా లేదు, ఒక సీరియల్ చూస్తూ ఇంకోటి దాచుకుంటాం' అన్నారు. ఒక్క వైరుతో అది కుదిరే పని కాదు. కానీ ఇంజనీరు మాట ముందు నిచ్చెన మోసేవాడి మాట ఎవరు నమ్ముతారు?

ఏసుబాబు చేతులు కట్టుకున్నాడు.

"దివాకరం గారండీ, అది చచ్చిందని ఖాయమేనాండీ?"

"నూటికి నూరుపాళ్ళు."

"దాంట్లో వైరేమీ లేదాండీ?"

"పాత ముక్కేదో వేలాడుతోంది. అటు చివర ఏమీ లేదు."

"అయితే ఊడబీకితే ఎవరికీ నష్టం లేదు కదండీ?"

దివాకరం గారు ఒక్క క్షణం తడబడ్డారు. "నష్టం లేదు గానీ ముట్టుకోకు. షాక్ కొడుతుంది."

"చచ్చిన వైరు షాకెలా కొడుతుందండీ?"

మేం కిసుక్కున నవ్వాం. రాజుగారు కుర్చీలోంచి లేచారు. "పదండి డాబా మీదకి."

దివాకరం గారు తాళం తీశారు. "ఇంట్లో కళ్ళజోడు మర్చిపోయాను, ఇప్పుడే వస్తా" అంటూ మెట్లవైపు తిరిగారు. రాజుగారు ఆప్యాయంగా ఆయన జబ్బ పట్టుకున్నారు.

"కళ్ళజోడు మీ ముక్కు మీదే ఉందండి."

ఏసుబాబు డబ్బా తెరిచాడు. తొమ్మిదో కన్నానికి నల్ల టేపు చుట్టిన వైరొకటి ఉంది. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, పోయినవాళ్ళ దగ్గర నిలబడ్డట్టు ఒక్క క్షణం నిలబడి, మెల్లగా మర తిప్పి దాన్ని లాగేశాడు.

సరిగ్గా మా కాళ్ళ కిందనుంచి కేక లేచింది.

"ఏవండోయ్! రికార్డింగు ఆగిపోయిందండీ! ఆ డాబా మీది రెండో వైరు ఊడినట్టుంది, పైకెళ్ళి చూడండీ! అయ్యో, అయ్యో, పెళ్ళి సీనండీ!"

ఏసుబాబు రాజుగారికి దణ్ణం పెట్టాడు.

"చావేమో డాబా మీదండీ. ఏడుపు నాలుగో అంతస్తులో వినిపిస్తోందండీ!"

రాజుగారు నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని నవ్వారు. మేమూ పడీపడీ నవ్వాం. దివాకరం గారు మాత్రం ఆకాశంలో ఏదో వెతుకుతున్నారు, బహుశా ఆ పిడుగునే. రాజుగారు లేచి, ఆయన మెడలోంచి తాళంచెవి తీసి, దండ వేసినట్టు ఏసుబాబు మెడలో వేశారు.

గోడమీంచి కొత్త వైరు కిందికి జారింది. నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుండగా రాజుగారి టీవీలో ఆట ఛానెలూ వచ్చింది, పక్కన రికార్డు ఎర్రదీపమూ వెలిగింది.

"ఏం కావాలో కోరుకోండి ఏసుబాబు గారండీ."

"ఆయ్, పదకొండేళ్ళుగా మీ ఇంటి రొయ్యల వేపుడు వాసన మెట్ల మీదే పీలుస్తున్నానండి. ఇయ్యాళ కూడా టీవీలో చూపించి పంపేస్తారాండీ?"

వంటింట్లోంచి సీతాయమ్మ గారు గరిటెతో సహా బయటికొచ్చారు.

"కూచోండి బాబూ, మూకుడు పొయ్యి మీదే ఉంది. మీ రాజుగారి కోసం కొనిపెట్టిన ఆ పొట్లకాయలు ఊరికే పోతాయేమో అనుకున్నానండి. దివాకరం గారింటికి పంపేద్దాం!"