గండయ్యగారికి ఘనసన్మానం

ఎండలు ముదిరేసరికి ఆ అడవిలో నీళ్లు మిగిలింది ఒక్క మడుగులోనే. ఆ మడుగుకు దారి రెండు బండల మధ్యనుంచి. ఒకరు వస్తుంటే ఇంకొకరు ఆగాలి, అంత ఇరుకు. ఆ బండల దగ్గర కాపలా అడవిపంది గండయ్యది. పొరుగు అడవి వాళ్లు వచ్చి నీళ్లు తాగిపోకుండా చూడమని మృగరాజు స్వయంగా వేసిన కాపలా. గండయ్య పొరుగువాళ్లను అడ్డుకున్న దాఖలా ఒక్కటీ లేదు. ఆయన చూపంతా సొంత అడవి ఆడవాళ్ల మీదే.

మగజంతువులు వస్తే "దయచేయండి" అని లేచి పక్కకు జరిగేవాడు. ఆడది ఒంటరిగా వస్తే మాత్రం సరిగ్గా దారి మధ్యలో ఆయనకు దురద పుట్టేది. బండకు ఒళ్లు రుద్దుకుంటూ, ఆ వచ్చినదాని ఒంటికీ రుద్దుతూ, "అంత తొందరేంటి? ఒకసారి నవ్వు, వదులుతా" అనేవాడు. నవ్వితే "చూశారా, దానికీ ఇష్టమే" అనేవాడు. నవ్వకపోతే "దీని పొగరు చూడు" అనేవాడు. ఎటు చూసినా తప్పు దానిదే.

ఈ ఫిర్యాదులు ఏళ్ల తరబడి మృగరాజు గుహదాకా వెళ్లి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. ఇంతలో ఒకసారి పొరుగు అడవి ఏనుగులు చుట్టపుచూపుగా వచ్చి, "మాకు ఆడజంతువుల రక్షణ మండలి ఉంది. మీకు లేదా?" అని అడిగాయి. రాజుగారికి తల కొట్టేసినట్టయింది. వాళ్లటు వెళ్లగానే మంత్రి నక్కను పిలిచాడు.

"మనకూ ఒక మండలి కావాలి."

"ఎలాంటిది కావాలి ప్రభూ? పనిచేసేదా, ఊరికే ఉండేదా?"

"తేడా ఏమిటి?"

"పనిచేసేదైతే మనకు పని పెడుతుంది."

"అయితే ఉండేదే పెట్టు."

నక్క నిబంధనలు రాసిచ్చాడు. మండలి ఫిర్యాదు తీసుకోవచ్చు. నిందితుడికి నోటీసు పంపవచ్చు. నిందితుడు తన ఇష్టంతో హాజరైతే విచారించవచ్చు. తేలింది ఏదైనా ఉంటే రాజుగారికి సలహాగా మనవి చేసుకోవచ్చు. అంతే, ఆ పైన ఒక్క ముక్క లేదు.

అధ్యక్షురాలిగా గేదె కర్రెమ్మను వేశారు. ఊళ్లో పదేళ్లు పాలిచ్చి, ఒట్టిపోయాక కబేళా లారీ ఎక్కించబోతే పలుపుతాడు తెంపుకుని అడవిలోకి వచ్చిపడ్డ గేదె. రోజంతా నెమరు వేస్తూ కూర్చుంటుంది కాబట్టి ఆ నోటికి వేరే పని ఉండదని నక్క లెక్క. గుమాస్తాగా మైనాను ఇచ్చారు. కచేరీ కోసం ఎండిపోయిన మద్దిచెట్టు మొదలొకటి చూపించారు. దాని మీద పేరుబోర్డు మాత్రం మొదలుకంటే పెద్దది.

మండలికి వచ్చిన మొదటి ఫిర్యాదు లేడి చుక్కది. పదిహేను రోజుల పిల్లను వెంటేసుకుని వచ్చింది.

"పెద్దమ్మా, నేనిక ఆ దారిన పోలేను. రోజూ అడ్డం నిలబడతాడు. నిన్న నా పిల్ల చూస్తుండగానే మెడ మీద మూతి పెట్టాడు. ఇప్పుడు పల్లంలో బురదగుంట నీళ్లు తాగుతున్నా. అది మహా అయితే ఇంకో వారం. నీళ్లు లేకపోతే పాలు రావు. పాలు రాకపోతే..." పిల్ల వంక చూసి ఆగిపోయింది.

కర్రెమ్మ నెమరు ఆపింది. దాహంతో ఉన్న ఒంటిని పొదుగు పిండితే ఎలా ఉంటుందో ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"మైనా, మోదుగాకు తీయి. నోటీసు రాయి."

మైనా రాసి, ముక్కున కరుచుకుపోయి, కాసేపటికి వట్టి ముక్కుతో తిరిగొచ్చింది.

"ఇచ్చావా?"

"ఇచ్చానమ్మగారూ."

"చదివాడా?"

"చదివాడండి."

"చదివి?"

"తిన్నాడండి."

కర్రెమ్మ రెండోది పంపింది. మైనా ఈసారి రెక్కలు వేలాడేసుకుని మరీ వచ్చింది. "ఆకు ముదిరిపోయిందన్నాడండి. రేపటిది కాస్త లేతగా చూసి పంపమన్నాడు."

ఐదు రోజులు, ఐదు నోటీసులు. ఐదూ గండయ్య కడుపులోకే చేరాయి. ఆరోనాడు కర్రెమ్మ లేచి, ఎండలో నడుచుకుంటూ మంత్రిగారి బొరియ దగ్గరికి వెళ్లింది.

"పిలిస్తే రావడం లేదు మంత్రిగారూ. పిలిపించే అధికారం ఇప్పించండి."

"అమ్మా, మీది సలహా మండలి," అన్నాడు నక్క తోక సర్దుకుంటూ. "ఎంతో గౌరవనీయమైన సంస్థ. పిలిపించడాలూ పట్టుకురావడాలూ మీ స్థాయికి తగవు."

"అయితే సలహానే ఇస్తున్నా. కాపలా మార్చండి."

"అందింది. పరిశీలిస్తాం."

"ఎన్నాళ్లు పరిశీలిస్తారు?"

"పరిశీలించినన్నాళ్లు." నక్క గొంతు తగ్గించాడు. "నా మాట విని ఒక పని చేయండి. ఆ లేడిని కాస్త వేళ మార్చుకుని వెళ్లమనండి. లేదా ఎవరైనా మగతోడు తీసుకెళ్లమనండి. చిన్నదానికి అంత రభస దేనికి?"

కర్రెమ్మ వెనుదిరిగింది. అనడానికి చాలా ఉంది. కానీ నక్క దగ్గర మాటలు ఖర్చుపెడితే అవి కూడా పరిశీలనలోకే పోతాయని ఆమెకు అర్థమైంది.

కచేరీకి తిరిగొచ్చేసరికి చుక్క అక్కడే ఉంది. మూతికి ఎండిన బురద. పిల్ల పొదుగును కుమ్ముతోంది, ఊరికే కుమ్ముతోంది.

"గుంట ఇంక రెండు రోజులకు మించి ఉండదు పెద్దమ్మా," అంది చుక్క. "పోనీలే. నవ్వేస్తాను. నవ్వితే నా సొమ్మేం పోతుంది?"

ఆ మాటకు కర్రెమ్మ కొమ్ములు ఝుమ్మన్నాయి. గుమాస్తా వైపు తిరిగి అడిగింది: "మైనా, గండయ్యకు ఎప్పుడైనా ఎవరైనా సన్మానం చేశారా?"

మైనా నోరు తెరిచింది. "ఆయనకా? ఎందుకండీ?"

"ఊళ్లో నన్ను కట్టేసిన కొట్టం వెనకే సభాభవనం ఉండేది. అక్కడ వేసిన దండలన్నీ మర్నాడు నాకే మేత. పదేళ్లు చూశాను ఆ జాతిని. పెళ్లాం పిలిస్తే పలకనివాడు, పైఅధికారి పిలిస్తే జ్వరమనేవాడు, సన్మానమంటే మాత్రం కుర్చీలు వేయకముందే వచ్చి కూర్చునేవాడు. ఏం చేశానని నాకీ సన్మానం అని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. రాయి, చెప్తాను."

మైనా రాసింది: ఆడజంతువుల పట్ల విశేష శ్రద్ధ చూపుతున్న శ్రీ గండయ్యగారికి, రేపు ఉదయం, రక్షణ మండలి కచేరీ ఆవరణలో ఘనసన్మానం. ముఖ్య అతిథి మృగరాజు. సభాధ్యక్షత మంత్రివర్యులు. ఆడవారి అనుభవ ప్రసంగాలు ఉంటాయి. అందరూ ఆహ్వానితులే.

"ఇందులో అబద్ధమేమైనా ఉందా?" అని అడిగింది కర్రెమ్మ.

మైనా మళ్లీ చదువుకుంది. "ఒక్కటీ లేదండి."

"పొరుగు ఏనుగులకు కూడా ఒకటి ఇచ్చిరా."

ఆ ఆకును గండయ్య తినలేదు. చదివాడు, బోర్లించి చూశాడు, మళ్లీ చదివాడు. దారిన పోయే తాబేలును ఆపి చదివించుకుని విన్నాడు. మంత్రి నక్క కూడా తన పేరు చూసుకుని, ఈ గేదెకు ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందనుకున్నాడు.

మర్నాడు గండయ్య గంట ముందే వచ్చాడు. పుట్టాక మొదటిసారి ఒంటి బురద కడుక్కుని వచ్చాడు. కడిగాక చూస్తే మనిషి, కాదు పంది, అందరూ అనుకున్నదానికంటే చిన్నగా ఉన్నాడు. కర్రెమ్మ ఎదురెళ్లి వేదిక ఎక్కించింది. మోదుగపూల దండ వేసింది. అడ్డాకుల శాలువా కప్పింది.

"కార్యక్రమం ముగిసేదాకా సన్మానగ్రహీత వేదిక దిగకూడదండీ, మర్యాద కాదు," అంది.

"నాకు తెలీదా! ఎందుకు దిగుతాను?" అన్నాడు గండయ్య.

రాజు వచ్చాడు. ఏనుగులు వచ్చాయి. సభాధ్యక్షుడు నక్క గొంతు సవరించుకుని సభ ప్రారంభమైందని ప్రకటించాడు. ముందుగా మాట్లాడమని కర్రెమ్మ చుక్కను పిలిచింది.

చుక్క పిల్లను పక్కన నిలబెట్టుకుంది. "గండయ్యగారు రోజూ నా కోసం ఎదురుచూస్తారు," అంది సన్నగా.

గండయ్య మెడ నిక్కించాడు. నక్క చప్పట్లు కొట్టాడు.

"దారికి అడ్డంగా నిలబడి ఎదురుచూస్తారు," అంది చుక్క. ఈసారి గొంతు నిలబడింది. "ఒళ్లు రుద్దుతారు. నవ్వితేనే నీళ్లంటారు. నా పిల్ల ఎదుట మెడ మీద మూతి పెట్టారు. ఆ రోజునుంచి నేను బురద తాగుతున్నాను."

నక్క చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. గండయ్యకు మాత్రం ఇదంతా తన ప్రతాపాన్ని వర్ణించడంలాగే వినిపించింది. దండ సర్దుకున్నాడు.

కుందేలు లేచింది. "నా చెవులు పట్టి గుంజుతారు. ఆడపిల్ల అన్నాక సరసం తెలియాలంటారు." కణుజు దుప్పి లేచింది. "నేను గర్భిణిని. నన్నూ వదల్లేదు." చివర ముళ్లపంది లేచి, "నా జోలికి మాత్రం ఎప్పుడూ రారండి. ఎందుకో ఆయన్నే అడగండి," అని కూర్చుంది. ఏనుగులు ఫక్కున నవ్వాయి.

నక్కకు ఏదో కాలుతున్న వాసన తగిలింది. "ఇక సభ ముగిద్దాం," అని లేవబోయాడు.

"అదెలా మంత్రిగారూ? సన్మానగ్రహీత స్పందన లేకుండా సభ ముగుస్తుందా?" అంది కర్రెమ్మ.

అప్పటికే గండయ్య లేచి నిలబడ్డాడు. ఆయనకు వేదిక మీద మాట్లాడే అవకాశం రావడం ఇదే మొదలు. "అమ్మాయిలు చెప్పింది అక్షరాలా నిజం! నవ్వమన్నాక నవ్వకుండా నీళ్లు తాగిన ఆడది ఈ అడవిలో లేదు. ఉండనివ్వను కూడా! ఇంత బాగా కాపలా కాసేవాణ్ని రాజుగారు వెతికినా తేలేరు!"

చప్పట్ల కోసం గండయ్య చెవులు నిక్కబొడుచుకుని నిలబడ్డాడు. పొరుగు ఏనుగు ఒకటి తొండం దించి మెల్లగా అడిగింది: "మృగరాజా, మీ కాపలా అంటే ఇదేనా?"

రాజుగారి జూలు ముడుచుకుపోయింది.

కర్రెమ్మ ముందుకొచ్చింది. "మహారాజా, విచారణ పూర్తయింది. ఫిర్యాదులు విన్నాం. నిందితుడు ఒప్పుకున్నాడు. కాపలా నుంచి తీసేయమని మండలి సలహా."

"విచారణేమిటి? ఇది సన్మానసభ! చెల్లదు!" అరిచాడు నక్క.

"మీరు రాసిన నిబంధనే కదా మంత్రిగారూ. నిందితుడు తన ఇష్టంతో హాజరైతే విచారించవచ్చు. ఈయన ఇష్టంతో రాలేదంటారా? గంట ముందు వచ్చాడు. స్నానం చేసి వచ్చాడు. పైగా విచారణకు అధ్యక్షులు మీరే."

గండయ్య దండను చూసుకున్నాడు, శాలువాను చూసుకున్నాడు, అప్పుడు తెలిసింది ఎక్కడ నిలబడ్డాడో.

ఏనుగుల కళ్లన్నీ తన మీదే ఉండగా రాజు ఇంకేం చేస్తాడు? గండయ్యను కాపలా నుంచి తీసేశాడు. ముళ్లపందిని వేశాడు. తర్వాత, గండం గడిచిందన్న హుషారులో, "భేష్ కర్రెమ్మా! నీకున్న తెలివి ఎవరికుంది! ఇకముందు కూడా ఇలాగే నడిపించు," అన్నాడు.

"నడిపించలేను ప్రభూ."

"ఏం?"

"గండయ్య కథ రేపటికల్లా అడవంతా పాకుతుంది. రెండోవాడు సన్మానానికి రాడు. అయినా ఒక్క లేడి నీళ్లు తాగడానికి నేను ఎంతమంది వెధవలకు దండలు వేయాలి? నేనున్నాను కాబట్టి ఈ ఎత్తు తోచింది. నా తర్వాత వచ్చేదానికి తోచకపోతే, ఆ రోజు వచ్చిన ఆడది బురద తాగాలా?" కర్రెమ్మ కదలకుండా నిలబడింది. "మండలి పిలిస్తే రావాలి. రాకపోతే పట్టుకురావాలి. మండలి చెప్పింది మూడు రోజుల్లో జరగాలి. జరక్కపోతే ఎందుకు జరగలేదో సంబంధించినవారు వచ్చి చెప్పాలి. ఇది రాసివ్వండి. లేదా ఆ బోర్డు పీకించండి. నీడ కూడా సరిగా ఇవ్వడం లేదు."

రాజు నక్క వంక చూశాడు. నక్క నేల వంక చూశాడు. సభలో ఆడజంతువులు ఎవరూ ఇంటికి లేచేలా కనిపించలేదు. కుందేలు సర్దుకుని మరీ కూర్చుంది. ఏనుగులు కూడా, తమకేం తొందరలేదన్నట్టు, చెవులు విసురుకుంటూ నిలబడ్డాయి.

మైనా అప్పటికే ఒక పెద్ద ఆకు తెచ్చి మంత్రిగారి ముందు పరిచింది.

"రాయి," అన్నాడు రాజు నిట్టూర్చి.

నక్క రాశాడు. ఒక్కో మాట రాస్తుంటే ఆ పంజా ఎంత నొప్పి పెట్టిందో ముఖం చూస్తే తెలుస్తోంది. రాజు ముద్ర వేశాడు.

ఆ మధ్యాహ్నం చుక్క బండల మధ్యనుంచి మడుగులోకి దిగి చాలాసేపు తల ఎత్తకుండా తాగింది. గట్టున ముళ్లపంది అటువైపు తిరిగి కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే మైనా మంత్రిగారి బొరియ ముందు వాలింది. గండయ్యను అన్నాళ్లు వెనకేసుకొచ్చింది ఎందుకో వచ్చి చెప్పాలని మండలి పిలుపు. నక్క ఆకును అటూ ఇటూ తిప్పి, ఒక కంట మైనాను చూస్తూ, "ఇంతకీ, నాకేమైనా సన్మానం లాంటిది..." అని నసిగాడు.

"కాదండి," అంది మైనా. "రావాలంతే."

నక్క వెళ్లాడు. స్నానం కూడా చేయలేదు.

నీతి: తెలివితో ఒక్కసారి గెలవొచ్చు, ఆడది రోజూ భయం లేకుండా నీళ్లు తాగాలంటే మాత్రం ఆమె వైపు కూర్చున్నవాళ్ల చేతిలో అధికారం ఉండాలి.