ముంగిస తోసిన గుప్పెడు గింజలు

ఇప్పలకోన అడవిలో ఎలుగుబంటి, నెమలి, ముంగిస, అడవిపంది, తాబేలు ఉండేవి. వానకు తడవని గుహ అక్కడ ఒక్కటే. ఏటా వానలకు ముందు ఆకులాట ఆడి, గెలిచినవారికే దాన్ని ఇచ్చేవారు.

ముంగిసకు ఈసారి గుహ కావాలి. కిందటేడు బొరియలోకి వరద వచ్చి ఒక పిల్ల కొట్టుకుపోయింది.

ఆట తేలికే. ముందుగా తలా ఒక చింతగింజ మధ్యలో వేయాలి. తాబేలు ఒక్కొక్కరికి బొమ్మలున్న రెండు ఆకులు బోర్లించి ఇస్తుంది. ఒకే బొమ్మ రెండిటి మీదా ఉంటే జోడీ. జోడీల్లో పులులది మొదటి స్థానం, తర్వాత ఏనుగులు, ఆ తర్వాత ఎద్దులు; చీమలు, కప్పలు అన్నిటికన్నా కింద. ఆకులు నచ్చకపోతే వదిలేయవచ్చు. నచ్చితే గింజలు పెంచవచ్చు. పోటీకి దిగేవారూ అన్నే వేయాలి. పెద్ద జోడీ ఉన్నవారివే మధ్యలోని గింజలన్నీ. గింజలైపోతే లేచిపోవాలి; చివరిదాకా మిగిలినవారిదే గుహ.

అడవిపంది పొద్దున్నే ఓడి లేచింది. మధ్యాహ్నానికి ఎలుగుబంటి ముందు పెద్ద కుప్ప చేరింది. నెమలికీ ముంగిసకూ చెరో గుప్పెడే మిగిలాయి.

నెమలికి ఏనుగుల జోడీ వచ్చింది. అందరికీ చూపించి మరీ విసిరేసింది. "పులులు వస్తేనే దిగుతాను. నా స్థాయికి తక్కువవి ఎందుకు?"

ఆటకో గింజ చొప్పున దాని గుప్పెడు తరిగిపోయింది. చివరి గింజ వేశాక పులులు రానే వచ్చాయి. నెమలి గెలిచింది, మధ్యలో ఉన్న మూడు గింజలు.

"రెండు పులులొచ్చాయి బావా, వేటకు మూడు గింజలే దొరికాయి!" అని అడవిపంది పొర్లి పొర్లి నవ్వింది. కాసేపటికి అవీ అయిపోయి నెమలి లేచింది.

ముంగిస కూడా ఆకులు వదులుతూనే ఉంది, కానీ చీమలూ కప్పలూ వచ్చినప్పుడే.

"ఏం పిల్లా, బొమ్మలు చూసిపోదామని వచ్చావా?" అంది ఎలుగుబంటి.

"మంచి బొమ్మ పడనీ మామా, నువ్వే చూద్దువుగాని."

ఈసారి ముంగిస ఆకులెత్తింది. ఏనుగులు! పులులు ఎదురైతే అంతా పోతుంది. సగం దాచుకుంటే? ఆ సగమూ నెమలి గింజల్లాగే కరిగిపోతుంది.

రెండు చేతులతో ఉన్నదంతా ముందుకు తోసింది.

చెట్ల మీంచి ఆట చూస్తున్న కోతుల నోట్లో నములుతున్న కాయలు అలాగే ఉండిపోయాయి. అంత చిన్న ప్రాణి అంత నిటారుగా కూర్చోవడం వాళ్ళెవరూ ఎన్నడూ చూడలేదు.

"ఓడితే పిల్లలతో ఎక్కడికి పోతావే?" ఎలుగుబంటి గొంతు తగ్గింది.

"ఓడితే అప్పుడు చూసుకుంటాను. నువ్వు దిగుతావా, లేదా?"

ఎలుగుబంటి దిగింది. దాని ఆకులు ఎద్దులు.

ముంగిస గింజలు రెట్టింపయ్యాయి. రోషం పట్టలేక ఎలుగుబంటి ఆ తర్వాత కప్పలతో కూడా పోటీకి దిగింది. ముంగిస మాత్రం చెడ్డవి వదిలేస్తూ, మంచివి పడ్డప్పుడు ఉన్నదంతా తోస్తూనే పోయింది. పొద్దు వాలేసరికి పెద్ద కుప్పంతా ముంగిస ముందుకు చేరింది.

ఎలుగుబంటి లేచి దారి ఇచ్చింది. ముంగిస గింజల్ని అక్కడే వదిలేసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని గుహలోకి చేర్చింది.

నీతి: ఉన్నది కొంచెమే అయినప్పుడు బలహీనమైన అవకాశాలను వదిలేయాలి; బలమైనది దొరికితే, ఇంకా గొప్పదాని కోసం ఆగక, పూర్తిగా దిగాలి.