పాత ఫైలు చెప్పిన నమస్కారం

విశాఖపట్నంలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో భానుమూర్తి అనే ఇంజనీరు ఉండేవాడు; పనిమంతుడే కానీ, ఒకసారి చేసిన పనిని మళ్లీ సరిచూడమంటే అతనికి నామోషీ.

వెబ్‌అసెంబ్లీ అనే రూపంలో ఉన్న ప్రోగ్రాములను ఏ కంప్యూటర్లోనైనా నడిపించే రన్‌టైమ్ అనే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ కంపెనీ తయారుచేసింది. కొత్తవాళ్లు నేర్చుకోవడానికి దానితోపాటు నమూనా ప్రోగ్రాములు ఇచ్చేవారు. అవి రాయడం భానుమూర్తి పని. బయటికి పంపేముందు పాతసారి తయారైన ఫైళ్లన్నీ చెరిపేసి, మొదటినుంచి బిల్డ్ చేసి, అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగల ఫైలుగా మార్చి, నడిపి చూడాలని ఆఫీసులో నియమం.

"కడిగిన గిన్నె మళ్లీ కడగడమెందుకు?" అని భానుమూర్తి నవ్వేవాడు.

ఒకరోజు విజయనగరం వైపునున్న ఒక కాలేజీ నుంచి సత్యవేణి అనే లెక్చరర్ ఫోన్ చేసింది.

"రేపు అరవై మంది పిల్లలతో మీ నమూనా చేయిస్తున్నానండీ. ఈ కొత్త పాఠానికి ప్రిన్సిపాల్ గారు ఒక్క గంట ఇచ్చారు. అది కుదిరితేనే ఏడాదంతా ఉంచుతారట. అంతా బిల్డ్ చేసి చూశారు కదా?"

భానుమూర్తి తన ల్యాప్‌టాప్‌లో నమూనాను నడిపాడు. తెర మీద 'నమస్కారం' అని వచ్చింది.

"చూశానండీ, దివ్యంగా నడుస్తోంది. రేపు నేనూ వస్తాను" అన్నాడు.

నిజానికి ముందువారం అతను ఆ ప్రోగ్రాంలో మార్పులు చేశాడు. ఆ తర్వాత బిల్డ్ చేయనేలేదు. నమస్కారం చెప్పింది నెల కిందట బిల్డ్ చేసిన ఫైలు. పొయ్యి వెలిగించకుండా, నిన్నటి అన్నం రుచి చూసి వంట కుదిరిందన్నట్టయింది.

మర్నాడు ల్యాబ్‌లో పిల్లలు బిల్డ్ చేశారు. అరవై తెరల మీదా తప్పుందని చెప్పే ఎర్ర అక్షరాలే! వెనక బల్లల్లో ముసిముసి నవ్వులు మొదలయ్యాయి. సత్యవేణి ముఖం పాలిపోయింది.

"నా దాంట్లో నడుస్తోందే!" అని భానుమూర్తి ల్యాప్‌టాప్ చూపించాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు మరి.

"ఆ పాత ఫైలు తీసేసి, మళ్లీ బిల్డ్ చేయండి సార్" అంది సత్యవేణి.

చేశాడు. అవే ఎర్ర అక్షరాలు. తప్పు చిన్నదే, కానీ వెతికి పట్టుకునేసరికి గంట కాస్తా అయిపోయింది. గుమ్మంలో నిలబడి అంతా చూసిన ప్రిన్సిపాల్, "ఈ ఏడాదికి పాత పాఠమే చెప్పుకోండమ్మా" అని వెళ్లిపోయారు.

"తప్పు నాదే మేడమ్, క్షమించండి" అన్నాడు భానుమూర్తి.

"నేను అడిగాను కదండీ" అంది ఆమె. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

నీతి: చూడని పనిని చూశానని చెబితే, శిక్ష మనల్ని నమ్మినవాళ్లకు పడుతుంది.